చేతల్లో దగ్గర, తర్కంలో దూరం: హిందూ, బౌద్ధాల మధ్య నిజంగా ఉమ్మడిగా ఉన్నదేమిటి?

నెల్లూరులో ఏ ఇంట్లో వ్రతం జరిగినా, పురోహితుడు సంకల్పం చెబుతుంటే ఇంటివాళ్లు అక్షతలు పట్టుకుని గోత్రం ఎప్పుడడుగుతాడా అని చూస్తుంటారు తప్ప, అంతకుముందు గబగబా దొర్లిపోయే ముక్కల మీద ఎవరూ చెవి పెట్టరు. శ్వేతవరాహకల్పే, జంబూద్వీపే, మేరోర్దక్షిణ దిగ్భాగే అంటూ సాగే ఆ వరసలో ఒక విచిత్రం ఉంది. మధ్యలో మేరు పర్వతం, దానికి దక్షిణంగా మనుషులుండే జంబూద్వీపం, లెక్కకు అందనంత పొడుగున్న కల్పాలు, ఈ పటమంతా బౌద్ధ గ్రంథాల్లోనూ ఉంది. వాళ్ల లెక్కలో ఇప్పుడు నడుస్తున్న కల్పం పేరు భద్రకల్పం, పురోహితుడి లెక్కలో శ్వేతవరాహకల్పం, అంతే తేడా. అశోకుడు కూడా చిన్న శిలాశాసనాల్లో తన ప్రజలుండే నేలను జంబూద్వీపం అనే అన్నాడు, అలాంటి శాసనం ఒకటి కర్నూలు వైపు ఎర్రగుడిలో ఇప్పటికీ ఉంది. మేరువు మీద బౌద్ధులు పెట్టుకున్న స్వర్గంలో దేవతలు ముప్పై ముగ్గురు, ఇది వేదంలోని లెక్కే, వాళ్లకు రాజు ఇంద్రుడే. మాధ్వుల సంకల్పంలోనైతే ఏకంగా ‘బౌద్ధావతారే’ అనే మాట కూడా వస్తుంది.

ఇలాంటివి చూసి వాట్సాప్‌లో రెండు రకాల వాదనలు తిరుగుతుంటాయి. బుద్ధుడు విష్ణువు తొమ్మిదో అవతారమే కాబట్టి అంతా ఒకటేనని ఒక వర్గం, గుళ్లన్నీ ఒకప్పటి బౌద్ధ విహారాలే, పండగలన్నీ బౌద్ధం నుంచి ఎత్తుకొచ్చినవేనని ఇంకో వర్గం. పైకి ఎడమొహం పెడమొహంగా కనిపించినా రెండూ చేసేది ఒకే పని. ఒక్కో ఆచారం ఎప్పుడు, ఎక్కడ, ఎవరి దగ్గర మొదలైందో విడివిడిగా చూడకుండా మొత్తం మూటకట్టి ఒకరి ఖాతాలో వేసేయడం. విడివిడిగా చూస్తే మాత్రం చాలా ఆచారాలు ఈ ఇద్దరికంటే పాతవని, ఇద్దరూ ఒకే చెరువులో నీళ్లు తోడుకున్నారని తెలుస్తుంది.

చాతుర్మాస్యం సంగతి చూడండి. ఆషాఢ పౌర్ణమికి పీఠాధిపతులు వ్యాసపూజ చేసి ఒకచోట కూర్చుంటారు, దీక్ష అయ్యేదాకా ఊళ్లు తిరగరు. బౌద్ధ భిక్షువులకూ సరిగ్గా అప్పుడే వర్షావాసం మొదలవుతుంది, బుద్ధుడు సారనాథ్‌లో తొలి ఉపదేశం చేసిందీ ఆషాఢ పౌర్ణమినాడేనని వాళ్లు చెప్పుకుంటారు. మరి ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారు? దీనికి భిక్షువుల నియమాలు చెప్పే బౌద్ధ వినయ గ్రంథం మహావగ్గలోనే జవాబుంది. మొదట్లో బుద్ధుడి శిష్యులు వానాకాలంలో కూడా తిరిగేవాళ్లట, పచ్చగడ్డి తొక్కుకుంటూ, చిన్న చిన్న ప్రాణుల్ని చంపుకుంటూ ఈ శాక్య శ్రమణులు తిరగడమేంటి, వేరే మతాల సన్యాసులు కూడా వానల్లో ఒకచోట ఉంటారు కదా, పక్షులు కూడా గూళ్లు కట్టుకుంటాయి కదా అని జనం తిట్టుకుంటే, అప్పుడు ఆయన ఈ నియమం పెట్టాడు. అంటే అప్పటికే అది అందరి ఆచారం. గౌతమ ధర్మసూత్రం కూడా భిక్షువు వానాకాలంలో ఒకచోట స్థిరంగా ఉండాలంటుంది, జైన సాధువులదీ ఇదే పద్ధతి.

పౌర్ణమి, అమావాస్యల సంగతీ అంతే. వైదికులు దర్శపూర్ణమాస యాగాల ముందు రోజు ఉపవాసం ఉండేవాళ్లు. మహావగ్గ ప్రకారం వేరే శ్రమణులు ఆ రోజుల్లో, అష్టమినాడు చేరి ధర్మం చెబుతుంటే జనం వాళ్ల వైపు పోతున్నారని, మనమూ అలా చేస్తే బాగుంటుందని సలహా ఇచ్చింది బింబిసార మహారాజు. బుద్ధుడు సరే అన్నాడు. తీరా భిక్షువులు చేరి ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారట, వినడానికొచ్చిన జనం ‘ఇదేంటి, మూగ పందుల్లాగా కూర్చున్నారు’ అని విసుక్కున్నారట, ఆ తరవాతే ఉపదేశం చెప్పే పద్ధతి వచ్చింది. ఒక మతగ్రంథం తన ఆచారం పక్కవాళ్ల నుంచి వచ్చిందని ఇంత నిజాయితీగా రాసుకోవడం అరుదు. ‘అన్నీ మా నుంచే పోయాయి’ అనే ఈ కాలపు ఉత్సాహవంతులు ఈ భాగం ఒకసారి చదివితే బాగుండు.

దీంట్లో మన ప్రాంతానికి సంబంధించిన తమాషా ఒకటుంది. నెల్లూరు, ప్రకాశం తీరానికి అసలు వానలు పడేది ఈశాన్య రుతుపవనాలకు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆషాఢంలో ఇక్కడ వడగాడ్పులు పూర్తిగా తగ్గవు. వానాకాల దీక్ష ముగిసే కార్తీకానికి పెన్నలో నీళ్లొస్తాయి, వాయుగుండాలు మొదలవుతాయి. ఈ ఆచారం రెండు మతాల్లోనూ గంగా మైదానం వానల లెక్క మీద పుట్టి, ఇక్కడి ఆకాశాన్ని అడక్కుండానే మన పంచాంగంలోకి వచ్చి కూర్చుందన్నమాట.

చెట్టు, పాము వీటికంటే పాతవి. ఊరి రచ్చబండ దగ్గర రావిచెట్టు, దాని మొదట్లో పసుపు కుంకుమలు రాసిన నాగప్రతిమలు, పక్కనే వేపచెట్టు, రెండింటికీ పెళ్లి. కందుకూరు వైపు పోయినా, కావలి వైపు పోయినా కనిపించే దృశ్యమిది. రావి అంటే అశ్వత్థం, చెట్లలో నేను అశ్వత్థాన్ని అని గీతలో కృష్ణుడు చెబుతాడు, బుద్ధుడికి జ్ఞానోదయమైంది ఆ చెట్టు కిందే. అయితే సింధు నాగరికత ముద్రల మీద కూడా రావి ఆకులు, రావి కొమ్మల మధ్య నిలబడ్డ దేవతామూర్తి ఉన్నాయి కాబట్టి ఇది ఇద్దరి కంటే ముందుదే. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మన ఆచారాన్ని, అమరావతి శిల్పాల్లో స్తూపాన్ని చుట్టుకుని కాపలా కాసే నాగుల్ని, వానలో బుద్ధుడికి పడగ పట్టిన ముచిలిందుణ్ణి ఒకచోట పెట్టి చూస్తే, మతాలు ఏం చెప్పినా జనం పాముని వదలలేదని, మతాలే పాముకి చోటిచ్చాయని అర్థమవుతుంది. ద్వారబంధం మీద చెక్కించుకునే గజలక్ష్మిదీ ఇదే కథ, ఆ బొమ్మకు బాగా పాత నమూనాలు బౌద్ధుల భర్హుత్, సాంచి స్తూపాల దగ్గరే దొరుకుతాయి. పిల్లల్ని ఎత్తుకుపోయే హారీతిని బుద్ధుడు దారికి తెచ్చి పిల్లల్ని కాపాడే తల్లిగా మార్చాడని బౌద్ధుల కథ, నాగార్జునకొండలో ఆమెకు గుడి కూడా ఉండేది. అమ్మవారు పోస్తుందనీ, ఆ అమ్మవారే కాపాడుతుందనీ నమ్మి పోలేరమ్మకు జాతర చేసే వెంకటగిరి వాళ్లకి (జిల్లాల విభజనతో 2022లో తిరుపతి జిల్లాలోకి పోయినా నెల్లూరోళ్లు దాన్ని తమ జాతరగానే చెప్పుకుంటారు) హారీతి కథ కొత్తగా ఏమీ అనిపించదు. తేడా ఒకటుంది, హారీతికి అన్నం పెడతారు, పోలేరమ్మకు దున్నపోతు, వేటలు, కోళ్లు.

ఇక స్తూపం. పాత ప్రకాశం జిల్లా దొనకొండ మండలంలో, గుండ్లకమ్మ ఒడ్డున చందవరం దగ్గర కొండ మీద ఒక మహాస్తూపం ఉంది. 1964లో పురావస్తు శాఖకు చెందిన వేలూరి వెంకట కృష్ణశాస్త్రి దాన్ని గుర్తించారు, 1970ల్లో తవ్వకాలు జరిగాయి. రెండంతస్తుల వేదిక మీద కట్టిన స్తూపం, చుట్టూ ప్రదక్షిణ చేసే దారి, స్తూపాలూ బోధివృక్షాలూ చెక్కిన పలకలు. అక్కడి నుంచి చోరీ అయిన 3వ శతాబ్దపు సున్నపురాతి శిల్పం ఒకటి చేతులు మారి మారి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది, చోరీ సంగతి తేలాక 2016లో వాళ్లు దాన్ని మన దేశానికి తిరిగిచ్చారు. మన ఊరి శిల్పం విలువ మనకంటే ముందు దొంగలకి తెలియడం కొత్త కాదులెండి.

స్తూపం చుట్టూ కుడివైపుగా తిరిగే ప్రదక్షిణ, గుడి చుట్టూ తిరిగే ప్రదక్షిణ చూడ్డానికి ఒకటే. కానీ మధ్యలో ఏముందో చూస్తే పెద్ద తేడా బయటపడుతుంది. స్తూపం మధ్యలో ఉండేది ధాతువు, అంటే చనిపోయినవాళ్ల ఎముక లేదా బూడిద. హిందూ ఇళ్లలో శవం లేచిందంటే మైల. శ్మశానం నుంచి వస్తే తలస్నానం. అస్థికలు ఇంట్లోకి తేకుండా చెట్టుకు కట్టి, తరవాత పెన్నలోనో గోదావరిలోనో కలుపుతారు. చితి చుట్టూ తిరిగేటప్పుడు కూడా మామూలు దిశకి వ్యతిరేకంగా అప్రదక్షిణంగా తిరుగుతారు. బుద్ధుడి చితి దగ్గరికి ఆలస్యంగా వచ్చిన ఆయన శిష్యుడు మహాకాశ్యపుడు మాత్రం మూడుసార్లు శుభప్రదంగా ప్రదక్షిణమే చేశాడని పాలి గ్రంథం చెబుతుంది. చావుకి అంటిన మైలని తీసేసి, ఆ ఎముకనే పూజకి కేంద్రం చేసుకోవడం బౌద్ధం చేసిన సాహసం. ఇదీ గాలిలోంచి పుట్టలేదు. దేవతల పక్షం వాళ్లు సమాధి దిబ్బను చతురస్రంగా కడతారు, తూర్పు దేశాల వాళ్లూ అసుర స్వభావం వాళ్లూ గుండ్రంగా కడతారు అని శతపథ బ్రాహ్మణం అనే వైదిక గ్రంథం ఈసడింపుగా రాసింది, ఆ తూర్పు వాళ్ల గుండ్రటి దిబ్బే స్తూపానికి పూర్వరూపమని చాలామంది పండితులు అనుకుంటారు.

అయితే హిందూ ఆచారంలో కూడా ఒక మినహాయింపు ఉంది, అది నెల్లూరు వాళ్లకి బాగా తెలిసినదే. సన్యాసుల్ని, అవధూతల్ని కాల్చరు, సమాధి చేస్తారు, ఆ సమాధికి మైల లేదు. 1982లో దేహం చాలించిన గొలగమూడి వెంకయ్యస్వామి సమాధి మందిరానికి వచ్చే జనాన్ని చూడండి, ప్రదక్షిణలు చేస్తారు, రాత్రి అక్కడే నిద్ర చేస్తారు, ఆయన ఇంకా అక్కడ ఉండి పలుకుతాడని నమ్ముతారు. చందవరం స్తూపానికి దగ్గరి చుట్టం ఏ శివాలయమో కాదు, గొలగమూడి లాంటి సమాధులే. మహానుభావుడి దేహం పడిన చోట ఆయన శక్తి నిలిచి ఉంటుందనే నమ్మకం రెండుచోట్లా ఒకటే. బౌద్ధులు ఎముకని చిన్న చిన్న ముక్కలుగా పంచి దేశమంతా స్తూపాలు కట్టారు, మన దగ్గర సమాధిని కదిలించరు.

ఇంతవరకూ దగ్గరితనం. తర్కంలోకి దిగితే దారులు విడిపోతాయి, మర్యాద కోసం దీన్ని దాచడం సరికాదు. కర్మ, పునర్జన్మ రెండింటినీ ఇద్దరూ ఒప్పుకుంటారు. బృహదారణ్యకోపనిషత్తులో ఆర్తభాగుడు, మనిషి చచ్చాక ఏమవుతాడని సభలో అడిగితే యాజ్ఞవల్క్యుడు అతని చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లి కర్మ గురించి చెప్పాడంటే, అప్పటికి అది నలుగురిలో మాట్లాడే సంగతి కాదన్నమాట. బుద్ధుడు దాన్ని బజార్లో చెప్పాడు, పైగా చేసే పని కంటే దాని వెనకున్న ఉద్దేశమే కర్మ అన్నాడు. అదే కాలంలో ఆజీవికులు అనే ఇంకో శ్రమణ వర్గం వాళ్లు పునర్జన్మని ఒప్పుకుంటూనే మనిషి ప్రయత్నానికి ఫలితం లేదన్నారు కాబట్టి, హిందూ, బౌద్ధాలు కర్మ విషయంలో ఒకే పక్షాన ఉన్నట్టే లెక్క. కానీ పుట్టేది ఎవరు? ఆత్మ అంటుంది ఉపనిషత్తు, చినిగిన బట్ట మార్చుకున్నట్టు దేహం మారుస్తుందంటుంది గీత. బుద్ధుడు అసలు అలాంటి మారని ముక్క ఏదీ మనిషిలో లేదంటాడు. మరి ఏదీ దాటిపోకుండా ఎలా పుడతారని యవనరాజు, అంటే గ్రీకు రాజు మిలిందుడు అడిగితే, ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే మొదటి దీపంలోంచి ఏదైనా ఇందులోకి పోయిందా అని బౌద్ధ భిక్షువు నాగసేనుడు ఎదురడిగాడు. ఇది మాటల తేడా అని, లోపల రెండూ ఒకటేనని తేల్చేసే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. ఒకటే అయితే శతాబ్దాల తరబడి న్యాయ, మీమాంస దర్శనాల హిందూ పండితులు, బౌద్ధులు దీని మీద అంత ఘోరంగా ఎందుకు కొట్లాడుకున్నట్టు? వాళ్లకి తెలియనిది మనకి తెలుసా?

తద్దినం దగ్గర ఈ చిక్కు ఇంకా బాగా కనిపిస్తుంది. చనిపోయిన తాత మళ్లీ ఎక్కడో పుట్టేసి ఉంటే, ఏటా పెట్టే పిండం ఎవరికి చేరుతుంది? హిందూ ఆచారం పునర్జన్మనీ పితృలోకాన్నీ పక్కపక్కనే ఉంచుకుని సర్దుకుపోయింది. జానుస్సోణి అనే బ్రాహ్మణుడు ఇదే ప్రశ్న బుద్ధుణ్ణి అడిగాడు. పోయినవాడు ప్రేతలోకంలో పుట్టి ఉంటేనే చేరుతుంది, నరకంలోనో పశువుగానో మనిషిగానో దేవతగానో పుట్టి ఉంటే చేరదు, అయినా ఇచ్చినవాడికి పుణ్యం మాత్రం ఎక్కడికీ పోదు అని జవాబు. పూర్తిగా కాదనలేదు, పూర్తిగా ఔననలేదు. శ్రీలంకలో, థాయ్‌లాండ్‌లో ఇప్పటికీ పోయినవాళ్ల పేరున భిక్షువులకు అన్నం పెట్టి, ఆ పుణ్యాన్ని పోయినవాళ్లకు ధారపోస్తారు.

నీతి నియమాల్లో దూరం తక్కువ. బౌద్ధుల పంచశీలలోనూ, యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన ఐదు యమాల్లోనూ (నిగ్రహ నియమాల్లోనూ) నాలుగు ఇంచుమించు ఒకటే, అహింస, సత్యం, దొంగతనం చేయకపోవడం, కామనిగ్రహం. ఐదోది పతంజలికి అపరిగ్రహం (అక్కర్లేనిది కూడబెట్టకపోవడం), బౌద్ధ గృహస్థుడికి మత్తు మానడం. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగూ బౌద్ధ ధ్యానంలోవే, వాటినే పతంజలి మొదటి పాదంలో వరసగా చెప్పాడు. బుద్ధుడు కూడా ధ్యానం నేర్చుకుంది ఆలార కాలాముడు, ఉద్దక రామపుత్రుడు అనే గురువుల దగ్గరే. ఐదో శీలం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట, 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద చేసిన పోరాటం 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా తెచ్చింది, అది పుట్టింది పెద్దలకు చదువు చెప్పే అక్షరదీపం తరగతుల్లో, ఏ మతగ్రంథంలోనూ కాదు. నీతి ఉమ్మడిగా ఉన్నంత మాత్రాన దానికి మూలం కూడా మతమే అనుకోనక్కర్లేదు.

సిద్ధాంతాల్లో ఇంత దూరం ఉన్నవాళ్లు ఒకే ఇంట్లో ఎలా ఉన్నారు? 3వ శతాబ్దంలో విజయపురి (నాగార్జునకొండ) నుంచి ఏలిన ఇక్ష్వాకు రాజుల్లో వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసిన వైదిక రాజు. అతని చెల్లెలు చాంతిసిరి నాగార్జునకొండ మహాచైత్యానికి ప్రధాన దాత. అన్న యాగం, చెల్లి స్తూపం. మతం మారడం లాంటి గొడవేమీ శాసనాల్లో కనిపించదు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో మొహర్రం రోజుల్లో రొట్టెలు మార్చుకునే హిందువుల్ని చూసినవాళ్లకి ఇది వింతగా తోచదు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అని తీసుకునేవాళ్లలో ఎవరూ సిద్ధాంతం అడగరు. కోరిక తీరుతుందా లేదా అన్నదే లెక్క.

అవతారం మాటకొస్తే మాత్రం ఇంత సాఫీగా లేదు. బుద్ధుణ్ణి పది అవతారాల్లో కలుపుకున్నది గౌరవంతో అని ఇప్పుడు చెబుతారు కానీ, భాగవతం మొదటి స్కంధంలో కారణం వేరేగా ఉంది, దేవతల శత్రువుల్ని మోహపెట్టడానికి, అంటే దారి తప్పించడానికి పుడతాడని. గీతగోవిందం రాసిన జయదేవుడి కాలానికి వచ్చేసరికి అదే అవతారం పశువుల మీద దయ చూపిన కరుణామూర్తి అయ్యాడు. రెండూ ఉన్నాయి, ఒకటి చెప్పి ఇంకోటి దాచకూడదు. మన నెల్లూరు తిక్కన హరిహరనాథుడని శివకేశవుల్ని ఒక్కటి చేసి భారతం అంకితమిచ్చిన సమన్వయవాది కదా, ఆయనే ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సభలో బౌద్ధుల్నీ జైనుల్నీ వాదంలో ఓడించాడని సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. అది చరిత్రో కల్పనో అటుంచితే, తరవాతి కాలం వాళ్లు సమన్వయానికి ఎక్కడ గీత గీశారో ఆ కథలో తెలుస్తుంది. శివుడు, విష్ణువు గీతకి లోపల, బుద్ధుడు బయట.

గుళ్లన్నీ విహారాలే అనే వాదన కూడా ఒక్కో గుడి దగ్గర ఆగి చూస్తే పలచబడుతుంది. పల్నాడులో చేజర్ల కపోతేశ్వరాలయం వెనకభాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది కాబట్టి అది బౌద్ధుల పూజామందిరమైన చైత్యమేనని పాత పండితులు రాశారు. కావచ్చు కూడా. కానీ గజపృష్ఠం ఆ రోజుల్లో అందరూ వాడిన కట్టడం పద్ధతి, గుడిమల్లం శివాలయానికీ అదే ఆకారం, అక్కడి లింగం బాగా పాతది. చేజర్ల స్థలపురాణంలోని శిబి చక్రవర్తి కథ కూడా మహాభారతంలోనూ ఉంది, బౌద్ధుల జాతకాల్లోనూ ఉంది, కాబట్టి అదీ సాక్ష్యంగా నిలబడదు. ప్రకాశం వైపు భైరవకోనలో కొండని తొలిచిన ఎనిమిది గుహాలయాలు మొదటి నుంచీ శివుడివే. కొండ తొలిచే పనితనం చూస్తే, బాగా పాత గుహలు గయ దగ్గర బరాబర్ కొండల్లో మౌర్యులు ఆజీవికులకు ఇచ్చినవి, అంటే ఆ విద్య బౌద్ధులదీ కాదు, శైవులదీ కాదు.

ఇప్పటి బౌద్ధుల మాట వినకుండా ఈ విషయం పూర్తి కాదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ బౌద్ధం తీసుకున్నప్పుడు చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ఐదోది బుద్ధుడు విష్ణువు అవతారమంటే నమ్మననేది, ఆరోది శ్రాద్ధం పెట్టను, పిండం వేయననేది. అంటే పైన చెప్పుకున్న ఉమ్మడి ఆచారాల్ని ఆయన చూసి చూసి, ఎక్కడెక్కడ కలుస్తున్నాయో అక్కడే కత్తెర వేశాడు. కలుపుకుపోవడం పేరుతో కులం కూడా వెనకే వస్తుందని ఆయన భయం, ఆ భయానికి చరిత్రలో కారణాలు తక్కువేమీ లేవు. ఒంగోలులోనో నెల్లూరులోనో త్రిశరణం చెప్పి, హోమం లేకుండా పెళ్లి చేసుకునే కుటుంబానికి ‘మనమంతా ఒకటే కదా’ అనే మాట తియ్యగా వినిపించకపోవడానికి ఇదే కారణం. చట్టం మాత్రం వాళ్ల మాట వినలేదు, 1955 హిందూ వివాహ చట్టం రెండో సెక్షన్ ప్రకారం బౌద్ధులకు కూడా అదే చట్టం వర్తిస్తుంది కాబట్టి, ఆ పెళ్లి కూడా రికార్డుల్లో దాని కిందికే వస్తుంది.